తుడిస్తే పోని మబ్బు

మబ్బుల్ని తుడిచేసే ఆటను ఆ ఇంట్లోకి తెచ్చింది కూతురు. ఆ పిల్ల పట్నంలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. వారానికో సెలవు. ఆ సెలవునాడు, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని పాత ఫోనొకటి సంచిలో పడేసుకొచ్చింది. అద్దం ఒక మూల పగిలి ఉంది. సిమ్ము వేసినా పట్టదు. మాట్లాడడానికి పనికిరాదు గానీ బొమ్మలు చూసుకోవడానికీ ఆడుకోవడానికీ దివ్యంగా ఉంది.

"నాన్నా, దీన్ని ఆకాశం కేసి పట్టు," అంది.

ఆయన మంచం గుమ్మం పక్కనే, చూరు కింద ఉంటుంది. ఒళ్ళో పాత ఉప్పుబుట్ట పెట్టుకుని, తెగిన అంచుకి ప్లాస్టిక్ తీగ చుడుతున్నాడు. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. ఉప్పునీళ్ళలో పగిలిన పాదం ఎన్ని మందులకీ మానక, పోయినేడు ఆసుపత్రిలో తీసేశారు. అప్పట్నించీ ఉప్పుమడులకు వెళ్ళేది భార్య ఒక్కతే. చిరిగిన బుట్టలు మాత్రం అక్కడ పనిచేసే ఆరు కుటుంబాలవీ ఆయన ఒళ్ళోకే వస్తాయి.

"ఆకాశంలో ఏముందే చూడ్డానికి?" అన్నాడు, తలెత్తకుండానే.

ఈ మాట ఇంకెవరన్నా అంటే పట్టించుకోనక్కర్లేదు. ఆయన అన్నాడంటేనే కష్టం. ఉప్పుమడుల్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు, మబ్బులాయన అంటారు. ఎండ ఉప్పును పండిస్తుంది, మబ్బు దాన్ని తినేస్తుంది. ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఉత్తినే బెదిరించి పోతుందో చూసి, ఉప్పుకుప్పను కప్పాలో వదిలెయ్యాలో చెప్పడం ఇరవయ్యేళ్ళు ఆయన పని. జీతం లేని పని, మర్యాదున్న పని. పోయినేడు ఒక్కసారి "దాటిపోతుందిలే, కప్పొద్దు" అన్నాడు. దాటిపోలేదు. ఆరు కుటుంబాల రెక్కల కష్టం ఒక్క పూటలో నీళ్ళపాలయింది. ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనుంటే ఎంతో బాగుండేది. తిట్టిన మాటకైతే బదులుంటుంది, అడగడం మానేసినదానికి ఏం బదులు చెప్పాలి? ఏడాదిగా ఆయన్ని మబ్బు సంగతి అడిగినవాళ్ళు లేరు, ఆయన తలెత్తి చూసిందీ లేదు.

కూతురు ఊరుకునే రకం కాదు. తనే ఫోను పైకెత్తి, తండ్రి మొహానికి అడ్డంగా పట్టింది. తెర మీద ఆకాశం అచ్చంగా ఉన్నదున్నట్టు కనిపించింది. ఒక్కటే తేడా, మబ్బులన్నిటికీ కళ్ళూ మూతీ వచ్చాయి. ఆ పిల్ల ఒకదాన్ని వేలితో రుద్దింది. మబ్బు ఆవలించింది, మూతి ముడుచుకుంది, చంటిపిల్ల గొంతుతో "వెళ్ళొస్తానండీ" అని మాయమైపోయింది. దాని చోట నీలం మిగిలింది. పై మూల ఒకటి అని అంకె పడింది.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి పకపకా నవ్వింది. ఆమెను అందరూ నిమ్మళం అంటారు. అది అత్తగారు పెట్టిన పేరు. కాపురానికొచ్చిన కొత్తలో ఏ పని చెప్పినా "నిమ్మళంగా చేస్తాలెండి" అనేదట. అత్తగారు పోయారు, వెక్కిరింతా పోయింది, పేరు మిగిలింది.

"ఎవరే ఇలాంటివి చేసేది? పనీపాటా లేనివాళ్ళు!" అంది నిమ్మళం.

"ఇదే వాళ్ళ పనమ్మా. జీతాలిస్తారు."

"మబ్బులకి మూతులు పెట్టడానికా?"

ఆయన బుట్ట పక్కన పెట్టాడు. ఫోను చేతిలోకి తీసుకుని, తీగ లాగి లాగి కాయకట్టిన బొటనవేలితో ఒక మబ్బును రుద్దాడు. వేలు మొరటుదవడంతో మొదట అది పోలేదు. రెండోసారి పోయింది. ఫోను పక్కకి దించి, ఏడాది తర్వాత మొదటిసారి తలెత్తి, నిజం మబ్బు కేసి చూశాడు.

"అది అక్కడే ఉందిగా," అన్నాడు.

"ఉంటుంది నాన్నా. ఇది ఆట."

"ఊఁ," అని ఇంకొకటి రుద్దాడు.

నిమ్మళం చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా పొయ్యి దగ్గరే కాసేపు నిలబడి, మొహం తుడుచుకుని వచ్చింది. ఆయన తలెత్తాడు, ఆమెకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. బొమ్మ చూపిస్తే చూశాడా, బంగారం చూపిస్తే చూశాడా అన్నది తర్వాతి సంగతి.

మర్నాటికల్లా ఆ ఆట ఆయనకి బాగా అంటుకుంది. నిమ్మళం తెల్లవారకముందే మడులకు వెళ్ళిపోతుంది. ఎండ నెత్తికెక్కేలోపు ఉప్పు లాగాలి. పొడుగాటి కర్రకి అడ్డంగా పలక కొట్టిన పార ఉంటుంది, దాన్ని మడి అడుగున ఆనించీ ఆనించకుండా నడపాలి. ఎక్కువ ఆనిస్తే బురద లేచి ఉప్పు నల్లబడుతుంది, తక్కువ ఆనిస్తే సగం ఉప్పు అడుగునే ఉండిపోతుంది. ఈ కొలత ఎవరూ నేర్పలేరు, నడుముకి తెలియాలి. లాగిన ఉప్పు గట్టు మీద నీరోడ్చుకున్నాక బుట్టలకెత్తి, మెరక మీదున్న కుప్పలో పోస్తారు. మడులు ఎవరివి వాళ్ళవే. కుప్ప మాత్రం ఆరిళ్ళకీ కలిపి ఒక్కటే.

మిట్టమధ్యాహ్నం అన్నం పెట్టడానికి ఆమె ఇంటికొస్తే, ఆయన గుమ్మంలోనే లెక్క అప్పజెప్పాడు.

"పొద్దుట్నించీ నలభై ఒకటి."

"ఘనకార్యమే. చేతులు కడుక్కో."

"అది కాదే, ఒక తమాషా చూశా. నేను ఇక్కడ ఒకదాన్ని తుడిచి ఫోను దించేసరికి, పైన అదీ సగం కరిగిపోయి ఉంటోంది. ఈ దూదిపింజల ఆయుష్షు ఒక టీ తాగినంతసేపే. ఇన్నేళ్ళూ పెద్ద మబ్బులే చూశా గానీ ఈ చిన్నవాటిని ఇంత దగ్గరగా ఎప్పుడూ పట్టించుకోలేదు."

"అంతా నీ వేలి మహిమ," అంది నిమ్మళం. ఆయన నవ్వాడు. అన్నం కలుపుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ పైకి చూసి, "అదిగో, ఇంకోటి పోయింది," అన్నాడు.

ఆ సంగతి మడుల్లోకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చేరవేసింది తోడికోడలు. మబ్బులాయన పినతండ్రి కొడుకే అక్కడ మేస్త్రి, ఆరు కుటుంబాల పనినీ నడిపేది అతనే. అతని భార్య నోట్లో నువ్వుగింజ నానదు. బుట్ట ఇవ్వడానికి వెళ్ళి, మంచం మీద పడుకుని ఆకాశాన్ని వేలితో రుద్దుతున్న బావగారిని కళ్ళారా చూసొచ్చింది.

"మబ్బులాయన ఇప్పుడు మబ్బుల్ని చంపే ఉద్యోగంలో చేరాడర్రా," అంది, పార గట్టుకి ఆనించి. అందరూ నవ్వారు. ఆ ఊపులో ఇంకో మాట జారింది. "ఆ ఉద్యోగమేదో పోయినేడే దొరికుంటే మనం బాగుపడేవాళ్ళం."

నవ్వులాటకన్న మాటే. కానీ ఏడాదిగా ఎవరూ అనని మాట. మేస్త్రి తన భార్య కేసి కళ్ళురిమి చూశాడు, ఆమె నాలుక్కరుచుకుంది. నిమ్మళం వంచిన నడుం ఎత్తకుండా మడి చివరిదాకా పార నడిపింది. పలక కిందికి దిగబడి, ఆమె వెనకాల నల్లటి చార లేచింది.

ఆట ఇంట్లోకి వచ్చిన నాలుగో రోజుకి కుప్ప పూర్తయింది. మర్నాడు పొద్దున్నే లారీ వస్తుంది. కొనేవాడు కుప్పలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు ఉప్పు తీసి పిసుకుతాడు. గుప్పిట విప్పితే పొడిపొడిగా రాలాలి. ముద్ద కట్టిందో, లారీ ఖాళీగా తిరిగిపోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆఖరి రోజు వీలైనంతవరకు కుప్పను కప్పరు. కప్పితే లోపల చెమర్చి ముద్దవుతుంది. టార్పాలిన్ మడతపెట్టి పక్కనే ఉంచారు. దాన్ని పరవాలంటే పదిమంది చేతులు కావాలి, గంటన్నర పడుతుంది.

ఆ మధ్యాహ్నం నిమ్మళం ఇంటికొచ్చేసరికి ఆయన ఫోను బోర్లా పెట్టి, రెండు చేతులూ మంచం పట్టీ మీద ఆనించి, నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ ఒక్కటీ పోవడం లేదే," అన్నాడు.

"ఏంటి పోనిది?"

"మబ్బులు. తుడుస్తుంటే ఇందులో పోతున్నాయి. దించి చూస్తే పైన ఒక్కటీ కరగడం లేదు, ఇంకా ఉబ్బుతున్నాయి. పొద్దుట్నించీ ఇరవై చూశా. రోజూ టీ తాగేలోపు పోయేవి ఇవాళ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కుతున్నాయి. సాయంత్రానికి వాన పడుతుంది. మేస్త్రికి చెప్పు, కుప్ప కప్పెయ్యమను. ముద్ద కడితే కట్టింది, రెండ్రోజులు ఆరబెట్టుకోవచ్చు."

నిమ్మళం చూరు కింద నుంచి వంగి చూసింది. ఎండ కళ్ళు పొడుస్తోంది. ఆకాశం నిండా తెల్లటి మబ్బులు, ఉతికి ఆరేసినంత తెల్లగా. ఇందులో వాన ఎక్కడుంది? తెర మీద పోయినవి పైన పోవడం లేదట! పోకపోవడమే కదా న్యాయం? ఆట ఆటే, ఆకాశం ఆకాశమే, ఈయనకి రెండూ ఒకటైపోయాయా? ఆమెకి భయం వేసింది. భయం వెనకాలే జాలి వేసింది. జాలి పడడం తేలిక, నమ్మడమే కష్టం.

"చెప్తాలే, ముందు నువ్వు తిను," అంది.

"చెప్తావుగా?"

"చెప్తానన్నాగా!"

"ఒకటిన్నర లోపు మొదలెట్టమను. గాలి లేస్తే ఆ గుడ్డ చేతికి దొరకదు."

గట్టు మీద పావుగంట నడక. దారంతా ఆమె ఆ మాటను ఎలా చెప్పాలా అని నాలుగు రకాలుగా అనుకుంది. "ఆయన కప్పమన్నాడు" అంటే "ఎందుకట?" అంటారు. "తుడిచిన మబ్బులు పోవడం లేదట" అని ఎలా చెప్పాలి? చెప్పాక వాన పడకపోతే? లారీ ఖాళీగా తిరిగిపోతే? పోయినేడు వద్దన్నందుకు మునిగాం, ఈ ఏడు కప్పమన్నందుకు మునిగాం అని లోకం చెప్పుకుంటుంది. ఆయన ఇంక ఆ మంచం మీద కూడా తలెత్తి కూర్చోలేడు.

మడుల దగ్గర అందరూ నీడపట్టున కూర్చుని టీ తాగుతున్నారు. మేస్త్రి ఫోన్లో వాతావరణం చూస్తున్నాడు. ఎండ బొమ్మ గుండ్రంగా పచ్చగా ఉంది. అతను దాన్ని చూస్తాడు, ఆకాశం చూస్తాడు, మళ్ళీ దాన్ని చూస్తాడు. వదిన రావడం చూసి నోరు తెరవబోయాడు. భార్య అందుకుంది.

"ఏమక్కా, బావగారు ఇవాళ ఎన్నింటిని పంపించాడు?"

ఆ మాటలో విషం లేదు. ఒక గ్లాసు టీ ఆమె కేసి చాచి మరీ అడిగింది. అందరూ నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నారు. చెప్పాల్సిన మాట నిమ్మళం గొంతు దాకా వచ్చింది.

"ఇరవై," అంది. "వేలు అరిగిపోతోంది పాపం."

గొల్లుమన్నారు. ఆ నవ్వులో ఆమె నవ్వు కూడా కలిసింది. కలిపితే కలిసిన నవ్వు కాదది, దానంతటదే వచ్చింది. ఏడాదిగా వాళ్ళ మధ్య తలవంచుకుని తిరిగిన మనిషికి, వాళ్ళతో కలిసి నవ్వడం ఎంత హాయిగా ఉందో! ఆ తర్వాత ఇంక చెప్పడానికి సందు దొరకలేదు. సందు కోసం ఆమె పెద్దగా వెతకనూ లేదు. మేస్త్రి ఇంకోసారి ఆకాశం చూసి, ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

నాలుగింటికి ఇంటికి వచ్చి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన అడిగాడు.

"కప్పారా?"

"ఆఁ. కప్పారు," అంది నిమ్మళం. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"మేస్త్రి ఏమన్నాడు?"

"ఏమంటాడు? అన్న చెప్పాక ఇంక మాటేముంది అన్నాడు."

"అలా అన్నాడా?"

"అలాగే అన్నాడు."

"వాడి నోటితోనే?"

"మరి ఎవరి నోటితో అంటాడయ్యా!"

ఆయన టీ అడిగి తాగాడు. ఫోనును చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, ఆమెకిచ్చి, గూట్లో పెట్టమన్నాడు. "ఇంక చాల్లే, ఈ పిల్లాటలు మనకెందుకు," అన్నాడు. దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడు. ఎవరో వస్తారన్నట్టు చూశాడు. వాన పడకపోతే చాలు, ఈయనకేదో ఒకటి సర్ది చెప్పుకోవచ్చు అనుకుంది నిమ్మళం. ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కుకుంది.

ఐదున్నరకి గాలి లేచింది. తలుపు దానంతటదే కొట్టుకుంది. తెల్లటి మబ్బుల అడుగులు నల్లబడి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మడుల వైపు నుంచి గోడలా వచ్చాయి. చూరు మీద ఒక చినుకు టప్పున పడింది. ఆ తర్వాత చినుకులు విడిగా వినిపించలేదు.

"చూశావా!" ఆయన మంచం పట్టీ మీద అరచేత్తో కొట్టాడు. "చూశావటే! తప్పలేదు చూడు! పడనీ, ఎంత పడుతుందో పడనీ. ఎంత కొట్టినా మనకేం, కుప్ప కప్పే ఉందిగా!" మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. ఏడాది తర్వాత ఆ మొహం చూస్తున్న నిమ్మళం అక్కడ నిలబడలేకపోయింది.

గుమ్మం దాటి పరుగెత్తింది. "ఎక్కడికే ఈ వానలో?" అన్న కేక వెనక నుంచి వినిపించినా ఆగలేదు.

ఆమె వెళ్ళేసరికి అందరూ అక్కడే ఉన్నారు. టార్పాలిన్ సగం విప్పారు. మిగతా సగం గాలికి లేచి మనుషుల్ని కొడుతోంది. నిమ్మళం ఒక కొస పట్టుకుని దాని మీద బోర్లా పడుకుంది. పొట్ట కింద ఉప్పు జారిపోవడం తెలుస్తోంది. మొదట గట్టిగా గరుకుగా ఉంది, తర్వాత మెత్తబడింది, తర్వాత చల్లటి నీళ్ళు. నలభై రోజుల కష్టం వేళ్ళ సందుల్లోంచి కాలవలోకి పోతోంది. మేస్త్రి భార్య పెద్దగా ఏడుస్తూనే మేకు కొడుతోంది. వాన వెలిసేటప్పటికి సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. అంత వెలుతురుండడం ఆమెకి పరమ అన్యాయంగా తోచింది. కుప్ప ఉండాల్సిన చోట మోకాలెత్తు ముద్ద మిగిలింది.

తిరిగొచ్చే దారిలో ఆమె ఇల్లే ముందొస్తుంది. మేస్త్రీ, భార్యా ఆమె వెనకాలే వచ్చి, చూరు కింద ఆగారు. ముగ్గురూ మోకాళ్ళ దాకా బురద. మబ్బులాయన నవ్వుతూ ఎదురు చూస్తున్నాడు. వాళ్ళని చూసి ఆ నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియనట్టు.

"అంతా పోయిందన్నా," అన్నాడు మేస్త్రి.

ఆయన ముగ్గురి కాళ్ళకున్న బురద కేసి చూశాడు.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. నీకు ఇవాళ ఏమీ తెలీలేదా? మధ్యాహ్నం నుంచీ నాకు మనసు పీకుతూనే ఉంది. ఫోన్లో ఎండ బొమ్మే చూపిస్తోంది, అయినా పీకుతూనే ఉంది. వదిన ఇంటికెళ్ళి వచ్చింది కదా, ఏదైనా ఉంటే నువ్వు చెప్పి పంపేవాడివే, చెప్పలేదంటే ఏమీ లేనట్టే అనుకున్నా. ఆ ధైర్యంతోనే వదిలేశానన్నా."

"మీరు నన్ను అడగడం మానేశారు కదరా," అన్నాడు ఆయన మెల్లగా.

"అడిగితే నీకు పోయినేడు గుర్తొస్తుందని మానేశాం. అంతేగానీ నీ మాట మీద నమ్మకం లేక కాదు. ఎవడికుంది ఇక్కడ నీ కన్ను?"

మబ్బులాయన తన భార్య కేసి చూశాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జుట్టులోంచి కారే నీళ్ళు తుడుచుకోవడం లేదు. ఎంతోసేపు చూడలేదు ఆయన, చూడాల్సిన అవసరం రాలేదు. అంతా ఆ మొహం మీదే రాసి ఉంది. మేస్త్రి భార్య కూడా అటు తిరగబోయింది. అంతలో ఆయన గట్టిగా అన్నాడు.

"లేదురా. నేను చూడలేదు. ఆ ఫోనాటలో పడి మైమరిచిపోయా. తలెత్తితే తెలిసేదే, ఎత్తలేదు. నాదే తప్పు."

పోయినేడు తప్పు అంచనా వేసినందుకు మేస్త్రికి ఆయన మీద కోపం రాలేదు, అది మనిషన్నవాడికి ఎవరికైనా జరిగేదే. కానీ ఆటలో పడి చూడకపోవడం వేరు. "బొమ్మల కోసమా అన్నా," అన్నాడు చివరికి. భార్య చెయ్యి పట్టుకుని, నీళ్ళలోనే దిగి వెళ్ళిపోయాడు.

"ఎందుకలా చెప్పావు?" అంది నిమ్మళం.

"రేపట్నించి వాళ్ళతో పని చెయ్యాల్సింది నువ్వు. నాకేముంది, ఇక్కడ పడి ఉండేవాణ్ణి." ఆయన తువ్వాలు ఆమె కేసి విసిరాడు. "తల తుడుచుకో, జలుబు చేస్తుంది."

పొద్దున్నే లారీ రానే వచ్చింది. డ్రైవరు దిగి, ముద్దయిన కుప్పనూ, నీళ్ళు నిండిన మడుల్నీ చూసి, "ఉప్పమ్మబోతే వాన, పిండమ్మబోతే గాలి అని ఊరికే అన్నారా!" అని, మళ్ళీ ఎక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు పోయేదాకా అందరూ అటే చూశారు. తర్వాత మేస్త్రి బకెట్లు పంచాడు. మడుల్లో చేరిన వాననీళ్ళు తోడిపోస్తే తప్ప కొత్త ఉప్పునీళ్ళు పెట్టడానికి లేదు.

నిమ్మళం బకెట్ తీసుకోలేదు. ఆమె రాత్రంతా కూడబలుక్కున్నది ఒక్క మాటే. ఆ ఒక్కటీ చెప్పేసింది.

"ఆయన చూశాడు. మధ్యాహ్నమే చెప్పాడు, కప్పెయ్యమన్నాడు. మీకు చెప్పమని నన్ను పంపాడు. నేనే చెప్పలేదు. నిన్న ఆయన మీతో అన్నది అబద్ధం, నన్ను కాయడానికి అన్నాడు."

తిడతారు, మీదికొస్తారు, ఇంక మొహం చూడరు, దేనికైనా సిద్ధపడే వచ్చిందామె. మేస్త్రి బకెట్ కింద పెట్టి దగ్గరికొచ్చాడు. అతని కళ్ళలో కోపం లేదు.

"పోనీలే వదినా," అన్నాడు.

"పోనీలే ఏంటి? నిజం చెప్తున్నా!"

"చెప్తున్నావు, వింటున్నా. ఆయన తప్పు నీ నెత్తిన వేసుకోవద్దు. ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు, అది చాలు మాకు. ఏ భార్యయినా ఇలాగే వెనకేసుకొస్తుంది, నీ స్థానంలో ఉంటే ఇదిగో మా ఇంటిదీ అంతే చేస్తుంది."

"ఒట్టు! నా కూతురి మీద ఒట్టు!"

"అక్కా, అంత మాటనకు," అని తోడికోడలు గబగబా వచ్చి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "మధ్యాహ్నం నేనడిగితే ఇరవై తుడిచాడని నువ్వేగా చెప్పావు? వాన వస్తుందని తెలిసిన మనిషివి అలా నవ్వుతావా? నాకు తెలీదా నీ సంగతి? నీ నోటికి అబద్ధం నప్పదక్కా." ఆమె కళ్ళు కూడా చెమర్చాయి. నిమ్మళం చేతిలో తన బకెట్ పెట్టి, తను వేరేది వెతుక్కోవడానికి వెళ్ళింది.

ఆ పూట ఎవరూ నిమ్మళాన్ని బరువు మొయ్యనివ్వలేదు. ఆమె ఏడుస్తుంటే ఉప్పు కోసం ఏడుస్తోందనుకున్నారు. అంత మంచితనాన్ని భరించడం తిట్లు భరించడం కంటే వెయ్యిరెట్లు కష్టంగా ఉంది ఆమెకి.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆయన బుట్టకి తీగ చుడుతున్నాడు. ఎండ బాగా కాస్తోంది. ఆమె అన్నం గిన్నె దింపలేదు. ఎదురుగా నేల మీద కూలబడింది.

"చెప్పేశాను," అంది.

"చెప్తావని తెలుసు. ఏమన్నారు?"

"నమ్మలేదు."

ఆయన తీగను పళ్ళతో లాగి బిగించి, కొస కత్తిరించాడు. "నమ్మరులే," అన్నాడు. ఇంకో వరస మొదలుపెట్టాడు. రెండు చుట్లు చుట్టాక చెయ్యి ఆగింది.

"వాళ్ళ సంగతి సరే. నువ్వెందుకు నమ్మలేదే?"

ఆ అడగడంలో కోపం లేదు. తెలియనిది తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. ఎండ అనొచ్చు, మేస్త్రి ఫోనులోని బొమ్మ అనొచ్చు, లారీ అనొచ్చు. అన్నీ నిజమే. ఏదీ జవాబు కాదు.

"మళ్ళీ తప్పితే నిన్ను చూసి నవ్వుతారని," అంది నిమ్మళం.

"ఇప్పటికే నవ్వుతున్నారా?"

"ఊఁ."

"ఈ ఆట గురించా?"

"ఊఁ. నిన్న మధ్యాహ్నం కూడా. నేను వెళ్ళగానే."

ఆయన తలూపాడు. బుట్టను కొంచెం తిప్పి, చుట్టిన వరస మీద వేలు పోనిచ్చి చూసుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా అడిగాడు.

"నువ్వో?"

లేదని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. చెప్తే నమ్ముతాడు కూడా. నిమ్మళం నేల కేసి చూసింది, మళ్ళీ తలెత్తి ఆయన మొహం కేసి చూసింది.

"నేనూ నవ్వాను," అంది.

ఆయన సరే అన్నట్టు తలూపి, తీగ కొస కోసం వెతుక్కున్నాడు. అది ఆయన ఒళ్ళోనే ఉంది. చాలాసేపు దొరకలేదు.